వార్తలయ్యేదాకా

బస్సు దిగి ఇంటికి నడుస్తూ సుక్కమ్మ దారిలో మారయ్య మంద దగ్గర ఆగింది. అతని కుక్క ఈని నెల దాటింది. నాలుగు పిల్లల్లో గొంతు చించుకుని అరుస్తున్నదాన్ని చూపించింది.

"గది నాకియ్యి."

"గది ఊకె మొత్తుకుంటది వదినా. గా నల్లది తీస్కపో, సప్పుడు చెయ్యది."

"మొత్తుకునేదే కావాలె."

పక్కనే నిలబడ్డ భర్త లింగస్వామి వంగి దాన్ని ఎత్తుకున్నాడు. పొద్దున ఇద్దరూ నల్లగొండ పోయారు. పక్కింట్లో ఉండే తోటికోడలు గోపమ్మ కూడా వాళ్లతో అక్కడిదాకా వచ్చి, అటే పానగల్లులోని పుట్టింటికి పోయింది. ఆదివారం తిరిగొస్తానంది.

సాయంత్రం సుక్కమ్మ వాకిట్లో కుక్కపిల్లను పెట్టి, మీద కోళ్ల గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టింది. తను పోయి ఆ చివర గోడకు ఆనుకుని కూర్చుంది.

అత్త ఈదమ్మకు అది వింతగా తోచింది.

"కుక్కపిల్లకు గంపెందుకే? మందల ఇడిస్తె అదే నేరుస్తది."

"ఒక్కతే ఉండుడు నేర్వాలె అత్తా."

ఈదమ్మ కోడలి మొహం చూసి ఇంట్లోకి పోయింది.

రెండిళ్ల అవతల పంచాయతీ ఆఫీసు రేడియోలో వార్తలు మొదలయ్యాయి. వార్తలయ్యేదాకా గంప ఎత్తకూడదన్నది సుక్కమ్మ పెట్టుకున్న గడువు. కుక్కపిల్ల గీపెట్టింది. గంప సందుల్లోంచి మూతి బయటపెట్టి, కాళ్లతో గీరింది. వార్తలు చదివే ఆయన తన పేరు చెప్పుకోకముందే సుక్కమ్మ ఉరికిపోయి గంప ఎత్తింది. దాన్ని గుండెకు హత్తుకుని, "లేదు లేదు, వచ్చిన, వచ్చిన" అంది.

ఆ రోజు నుంచే ఆమె తన చాప, చెంబు గొర్రెల కొట్టంలోకి మార్చుకుంది. కుక్కపిల్ల కూడా అందులోనే. ఈదమ్మ జొన్న గటక తెచ్చి కొట్టం గడప మీద పెట్టి పోయేది.

రెండో రోజూ అంతే. సగం వార్తలకు లేచింది.

మూడో రోజు లింగస్వామిని పిలిచింది.

"నా చెయ్యి పట్టుకో. నేను ఇడువుమన్నా ఇడువకు."

"జర దగ్గరికి పోయి సముదాయిస్తె ఏమైతది? నోరులేని జీవం."

"నేను కనబడితె ఇంకింత ఏడుస్తది. నా సప్పుడు గూడ ఇనబడొద్దు."

అతను మణికట్టు పట్టుకున్నాడు. కుక్కపిల్ల ఏడుస్తున్నంతసేపూ సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఒకసారి లేచింది. అతను విడవలేదు. రెండోసారి గట్టిగా గుంజుకుంది. అప్పుడూ విడవలేదు. వార్తలు అయిపోయాక చూసుకుంటే ఆమె చేతి మీద అతని వేళ్ల అచ్చులు పడి ఉన్నాయి. లింగస్వామి మొహం అటు తిప్పుకుని మంద దగ్గరికి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు ఎవరూ పట్టుకోకుండానే కూర్చోగలిగింది.

అయిదో రోజుకు కుక్కపిల్ల మారిపోయింది. గంప చూడగానే తనే కిందికి దూరేది. రెండు మూడు సార్లు మూలిగి, ముడుచుకుని పడుకునేది. చూడ్డానికి వచ్చిన మారయ్య నవ్వాడు.

"మంచిగ నేర్పినవు వదినా. గింత తొందరగ నేర్వంగ నేను సూడలే."

సుక్కమ్మ మొహంలో సంతోషం లేదు. చాలాసేపు ఆ గంప వంకే చూసింది.

"మారయ్యా, రేపు దీని తల్లిని తోల్కరా. వాసన తగిలితె మల్ల ఏడుస్తది."

"ఊకున్నదాన్ని ఏడ్పించుడేందే? నీకేమన్న పిచ్చి లేసిందా?" అంది ఈదమ్మ.

లింగస్వామే మారయ్య వైపు తిరిగి, "తోల్కరా తమ్మీ" అన్నాడు మెల్లగా.

శనివారం సాయంత్రం తల్లి కుక్క వచ్చింది. గంప చుట్టూ తిరిగింది. లోపల పిల్లకు వాసన తెలిసింది. ఈ అయిదు రోజుల్లో ఎన్నడూ ఏడవనంతగా ఏడ్చింది. బయట తల్లి ముందుకాళ్లతో గంపను గీకుతూ, నేల తవ్వుతూ, మధ్యమధ్య సుక్కమ్మ దిక్కు చూస్తూ మూలిగింది. ఈదమ్మ ఆ చప్పుడు వినలేక ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

రేడియోలో వానల గురించి చెబుతున్నారు. దేవరకొండ దిక్కు పడలేదట. సుక్కమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. కదల్లేదు. వార్తలు ముగిసి పాట మొదలయ్యాక లేచి, రాయి తీసి, గంప ఎత్తింది.

తల్లి పిల్ల మీద పడి తల నుంచి తోక దాకా నాకింది. పిల్ల దాని పొట్ట కిందికి దూరి పాలు తాగింది. అది కడుపు నిండా తాగేదాకా సుక్కమ్మ దూరంగా నిలబడి చూసింది.

"రెంటినీ తోల్కపో మారయ్యా. ఇగ నాకక్కెర లేదు."

"గిన్ని దినాలు నేర్పి ఇచ్చేస్తున్నవా?"

"దాని తల్లి తాన ఉండనీ."

ఆదివారం పొద్దున సుక్కమ్మ కొట్టం ముందు కూర్చుని ఉండగా గోపమ్మ పానగల్లు నుంచి వచ్చి పక్కింటి తలుపు తీసిన చప్పుడైంది. కాసేపటికి గోడ అవతల, సుక్కమ్మ ఛాతీ ఫోటో చూసిన నల్లగొండ డాక్టరు ఏడాది దాకా దగ్గరికి తీసుకోవద్దన్న ఆమె అయిదు నెలల కూతురు గోపమ్మ చంకలో పాల కోసం ఏడుపు మొదలుపెట్టింది. సుక్కమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి, కూర్చున్నచోటే కూర్చుంది.