వానకు జారిన మట్టి

“నీ మట్టి నువ్వు తీసుకుపో వదినా! పిడికెడు కూడా నా మళ్ళో ఉండకూడదు.”

మోకాలెత్తు రాతిగోడకు అవతల నిలబడి రెజీస్ అరుస్తున్నాడు. రాత్రి వానకు గోడకు గండిపడి, సొలాంజ్ ద్రాక్షమడి అంచు మట్టంతా అతని సాళ్ళలోకి జారింది.

“నావల్ల కాదు. ఉండనీ,” అంది సొలాంజ్. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమె గొంతు అలాగే ఉంది. దుఃఖమూ లేదు, కోపమూ లేదు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

“ఉండనిస్తే? రేపు నా వైన్ బాగా కుదిరితే, అన్న మట్టి చలవే అంటుంది మెర్సో ఊరంతా. ఆ మాట నేను పడాలా?”

అసలు గొడవే అది. తండ్రి పంపకాల్లో పై మడి పెద్దవాడు జిల్బేర్‌కు వచ్చింది, కింది మడి రెజీస్‌కు. పైన సున్నపురాయి, పలచటి మట్టి. ఆ తెల్ల వైన్ నాలుక మీద చురుక్కుమంటుంది. కింద బరువైన బంకమట్టి. ఆ వైన్ వెన్నలా మెత్తగా దిగుతుంది. పై సీసా మీద మడి పేరు కూడా వేస్తారు, కింది సీసాకు ఊరి పేరే గతి. ఆ కాస్త తేడాకే అన్నదమ్ములు ముప్పై ఏళ్ళు మొహాలు చూసుకోలేదు.

పోయేముందు జిల్బేర్ ఒక్కటే కోరాడు. “తమ్ముడి చేత నన్ను మోయించు.” సొలాంజ్ మాటిచ్చింది. కాళ్ళావేళ్ళా పడి బతిమాలినా, “చచ్చినా మొయ్యను” అన్నాడు రెజీస్. దహనశాల దగ్గర పెట్టెను కిరాయి మనుషులు మోశారు.

“నిన్న మబ్బు కమ్ముకొస్తుంటే గోడ పక్కన ఏదో చల్లావుగా? ఎరువేగా? వాన ముందు ఎరువు చల్లే మాలోకం ఎక్కడైనా ఉంటుందా?”

“ఎక్కడా ఉండదు.”

“అబ్బ, నీతో మాట్లాడేకంటే ఆ గోడతో మాట్లాడటం నయం! తప్పుకో, నేనే పోస్తాను.”

పార తీసి, జారిన మట్టిని బుట్టకెత్తాడు. బుట్టను వీపుకు కట్టుకుని, రొప్పుతూ ఎగువకు నడిచాడు.

“మెల్లిగా రెజీస్. ఒలకనీకు.”

“ఓహో! మట్టి మీద ఎంత ప్రేమో!”

మడి పైకొసకు చేరేదాకా అతని వంగిన వీపునే చూస్తూ నిలబడింది సొలాంజ్. ఇన్నాళ్ళకు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నిన్న ఆమె చల్లింది జిల్బేర్ బూడిద.