నీలికోటు సిపాయిలు

ఇన్‌స్పెక్టర్ చాకుతో సిపాయిని నడుము దగ్గర రెండు ముక్కలు చేశాడు. రెండు సగాలనూ వెలుతురుకు పట్టి చూశాడు. బోలు లేదు. చీటీ లేదు.

ఇంకొకటి తీసి కోశాడు. అందులోనూ ఏమీ లేదు.

ఒక్కో బొమ్మ గంగుబాయి చిటికెన వేలిలో సగం ఉంటుంది. అంతటి దాని కోటుకు ఆమె ఎనిమిది గుండీలు పెట్టింది. పదకొండో బొమ్మ దాకా ఊరుకుంది.

"కోసుడైతే కోసిండ్రు. ఏమన్న దొరికిందా సారూ?"

"మీ తమ్ముడికి ఉత్తరాలు ఎలా పంపిస్తున్నావు?"

"నాకు రాసుడే రాదు."

1950 ఎండాకాలం. చెన్నూరు చుట్టూ అడవుల్లో సర్కారు మీద తుపాకి పట్టిన సంఘం దళాలు తిరుగుతున్నాయి. గంగుబాయి తమ్ముడు కొండల్ ఒక దళంలో ఉన్నాడని ఊరందరికీ తెలుసు. అడవిలోకి పోయే బాట మీద పోలీసులు నాకా పెట్టారు. బియ్యం, మందులు, ఆఖరికి కాగితం ముక్కను కూడా దాటనివ్వడం లేదు.

ఆ బాట మీదే గంగుబాయి భర్త హనుమండ్లు వారానికొకసారి బొమ్మల పెట్టెలతో బండి తోలుకుపోతున్నాడు. నది దాటి సిరోంచలో అప్పజెప్తే నాగపూర్ కొట్టుకు చేరుతాయని నాకాలో చెప్పాడు. అక్కడి షావుకారుకు ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ సైన్యం మొత్తం కావాలట. రంగుల బొమ్మలున్న పుస్తకం తెరిచి చూపించాడు కూడా.

ఇన్‌స్పెక్టర్‌కు నమ్మకం కుదరలేదు. రోజూ సాయంత్రం గంగుబాయి ఇంటికొచ్చి, అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు.

గంగుబాయి నిర్మల్‌లో, బొమ్మలకు రంగులేసే ఇంట్లో పుట్టింది. కర్రబొమ్మల మీద చేయి తిరిగిన మనిషి. ఇవి మాత్రం భర్త సీసంతో అచ్చుపోసినవి. కర్రయితే ఇంత సన్నటి తుపాకి నిలవదు.

వెదురుబద్ద మీద నలభై మంది సిపాయిలను లక్కతో వరుసగా అతికిస్తుంది. అలాంటి బద్దలు పది. ముందు నాలుగొందల కోట్లకూ నీలం. ఆఖరి బద్దకు వచ్చేసరికి మొదటి బద్ద ఆరిపోతుంది. అప్పుడు నాలుగొందల లాగులకూ తెలుపు. తర్వాత ముఖాలు, చేతులు. చివర ఉడుత వెంట్రుకల కుంచెతో కళ్ళు.

కళ్ళు పడ్డాక ఆ బద్ద వంక మళ్ళీ చూడదు.

"గింత సక్కగ ఎందుకేస్తవే? కండ్లు పోతయ్," అన్నాడు హనుమండ్లు ఒకరోజు.

"సక్కగ లేకుంటే సారు మల్ల చాకు తీస్తడు."

సారు మళ్ళీ చాకు తీయలేదు. గుంటూరు వైపు మనిషి. కాలేజీలో నెపోలియన్ గురించి చదివాడు. మంచుదేశం మీదికి లక్షల సైన్యంతో వెళ్ళి, కొద్దిమందితో తిరిగొచ్చాడని చెప్పేవాడు. ఆమె తల ఎత్తకుండా వినేది.

"మిగిలినోళ్లు ఏమైండ్రు సారూ?"

"అడవుల్లో, మంచులో పోయారు. శత్రువు కనిపించేవాడే కాదట."

ఒక సాయంత్రం ఉండబట్టలేక ఆయనే కుంచె అందుకున్నాడు. భుజాల మీద ఎర్ర కుచ్చులు వేస్తానన్నాడు. చేతికి వణుకు లేదు. ఆ రోజు ఒక బద్ద, మర్నాడు రెండు. నెల తిరిగేసరికి కుచ్చుల పని ఆయనదే అయింది. గంగుబాయి ఆయనకని వేరే కుంచె కట్టి ఉంచింది. సొంతూళ్ళో ఉన్న ఆయన కొడుక్కి పంపమని, డప్పు కొట్టేవాడితో సహా పన్నెండు బొమ్మలు దూదిలో చుట్టి ఇచ్చింది.

ఆ వారమే ఆయన నాకాకు చీటీ రాసిచ్చాడు. బొమ్మల పెట్టెలు తెరవొద్దు, రంగు చెడిపోతుంది, అని.

మరో నెల గడిచింది. ఒకరోజు ఇన్‌స్పెక్టర్ వచ్చి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"రేపు తెల్లారి అడవిలోకి వెళ్తున్నాం. మీ తమ్ముడు దొరికితే ప్రాణాలతో తీసుకొస్తాను. మాట ఇస్తున్నాను."

గంగుబాయి చేతిలో కుంచె జారింది. ఒక సిపాయి ముఖమంతా నీలమైంది. ఆమె దాన్ని తుడవలేదు.

"మీరు పోకుండ్రి సారూ. జరమొచ్చిందని చెప్పుండ్రి. ఇంకెవరన్న పోతరు."

"నా గురించి నీకెందుకమ్మా ఫికర్?" అని నవ్వాడు. "వాళ్ళ తుపాకులు ఇప్పుడు ఉత్త కర్రలు. రెండు నెలలుగా నా నాకా దాటి చీమ కూడా పోలేదు."

"మీ కొడుకు చిన్నోడు సారూ."

ఆయన నెత్తిమీద టోపీ సర్దుకున్నాడు.

"తిరిగొచ్చాక నెపోలియన్‌ను గుర్రం మీద చేద్దాం. నేనే రంగేస్తాను," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బూట్ల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఆమె గడపలోనే నిలబడింది. అప్పుడే హనుమండ్లు ఖాళీ బండితో ఇల్లు చేరాడు. ఆమె ఎదురువెళ్ళి బండి కాడి పట్టుకుంది.

"గీ వారం పెట్టె ముట్టిందా?"

"పగటీలే ముట్టింది. ఎందుకే?"

ఆమె కాడి వదిలి, సారు పోయిన సందు వైపు చూసింది.

అదే సమయానికి అడవిలో ఒక వాగు ఒడ్డున కొండల్, ఆ నాలుగొందల మంది సిపాయిలను మూకుట్లో కరిగించి, దళంలోని తుపాకులన్నిటికీ గుండ్లు పోస్తున్నాడు.