మిగతా మాట

"జరుగవ్వా, బస్సు ఎనుకకొస్తుంది" అని కండక్టర్ అరిచాడు.

ముసలామె రెండడుగులు జరిగింది. బస్సు ఆగగానే మళ్లీ అక్కడికే వచ్చి, దిగేవాళ్లకు అడ్డంగా నిలబడి తిట్లు తింది.

సిద్దిపేట బస్టాండులో అందరికీ అలవాటైన సంగతే ఇది. సెలవులకు ఇంటికొచ్చిన సింధుజకు మాత్రం కొత్త.

సింధుజ యూనివర్సిటీలో జర్నలిజం చదువుతోంది. సెలవుల్లో ఎవరి ఊళ్లోంచి వాళ్లు ఒక చిన్న వీడియో కథనం చేసుకురావాలని దామోదర్ సార్ చెప్పాడు. బాగున్నది డిపార్ట్‌మెంట్ ఛానల్లో పెడతారు. అది చూసి టీవీ వాళ్లు ఉద్యోగానికి పిలుస్తారని సీనియర్ల మాట. కథ కోసం కాళ్లరిగేలా తిరుగుతున్న పిల్లకు, కథే వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది.

ఫోన్ తీసింది.

"ఏ బస్సు కోసం అవ్వా?"

"బస్సుకు కాదు బిడ్డా. గీడ మా మోదుగుపల్లి బస్సు ఆగేది."

మోదుగుపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఊరివాళ్లను పునరావాస కాలనీకి తరలించి ఏళ్లయింది.

"గా ఊరు మునిగిపాయె గదవ్వా."

"మునిగింది."

"మరి రోజు ఎందుకొస్తున్నవ్?"

"ఊరు మునిగితే నేను రాకుంట ఉంటనా? పానం ఉన్నన్ని దినాలు గీడనే నిలబడ్త."

సింధుజ ఒళ్లు పులకరించింది. బైటు అంటే ఇదీ. మనిషి నోటి నుంచి వచ్చే ముక్క ఎంత చిన్నదైతే అంత గట్టిగా తగులుతుందని సార్ పాఠం.

ముసలామె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. వెనక బస్సు హారన్ మోగుతోంది. సింధుజ ఊ కొడుతూ, వెలుతురు సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంది.

వెళ్లబోతుంటే ముసలామె చెయ్యి పట్టుకుంది.

"పేపరోళ్లా బిడ్డా?"

"గట్లాంటిదే."

"నేను చెప్పిన మాట మొత్తం ఏస్తవు గద."

"ఏస్తనవ్వా."

ఇంటికొచ్చి కత్తిరించడానికి కూర్చుంది. 'గీడనే నిలబడ్త' దగ్గర ఆపితే గుండె పట్టేస్తోంది. ఆ తర్వాత ఎవరినో తలుచుకుని ఒకటే ఏడుపు, పైన హారన్. సాగదీతలా అనిపించి తీసేసింది. 'లేని ఊరి బస్సు కోసం ఒక పిచ్చితల్లి' అని పేరు పెట్టింది.

దామోదర్ సార్ మెచ్చుకున్నాడు. ఒక్క మాట మాత్రం అడిగాడు.

"ఆమెకు ఎవరూ లేరా?"

"లేనట్టుంది సార్."

అడగలేదని చెప్పడానికి సింధుజకు నోరు రాలేదు.

వీడియో ఊరూరా తిరిగింది. చూసినవాళ్లు తల్లిని వదిలేసి పిచ్చిని పట్టుకున్నారు. సింధుజకు హైదరాబాద్ నుంచి ఒక టీవీ పిలుపు కూడా వచ్చింది. చేరేముందు ముసలామె ఇప్పుడెలా ఉందో చూసి రమ్మన్నాడు సార్. సింధుజ అవ్వకోసం ఒక చీర కూడా కొని బస్టాండుకు వచ్చింది.

ఆ చోటు ఖాళీగా ఉంది. టీ కొట్టు వనజను అడిగింది.

"పెంటవ్వనా?"

పేరు వినడం కూడా సింధుజకు అప్పుడే.

"ఇంకెక్కడి పెంటవ్వ చెల్లె. గా వీడియో వచ్చినంక, పడవ తేవాల్నా అవ్వా అని పోరగాళ్లు ఎంబడి వడ్డరు. ఇజ్జత్ పోతుందని అల్లుడు ఇల్లు దాటనియ్యలే. రంది పెట్టుకొని మంచం పట్టింది. పోయిన నెలల పోయింది."

సింధుజ చీర సంచీతో వచ్చి పెంటవ్వ నిలబడే చోటే నిలబడింది. ఆ వీడియో తీసింది తనేనని వనజకు చెప్పే ధైర్యం లేకపోయింది.

అప్పుడే బస్సు దిగిన ఒకతను బ్యాగు భుజాన వేసుకుని దగ్గరికొచ్చాడు. గడ్డం మాసింది, కళ్లు లోపలికి పోయాయి.

"చెల్లె, గీడ ఒక ముసలామె నిలబడ్తదట గద. ఎప్పుడొస్తది?"

"నువ్వెవరన్నా?"

"కొడుకుని. ఉప్పలయ్యను. భివండిల మగ్గం పని చేస్త."

ఆ పేరు ఆమె ఒకసారి విన్నది. కత్తిరించిన చోట విన్నది.

"లొల్లి పెట్టుకొని పోయిన చెల్లె. నీ మొహం చూపియ్యకు అన్నది అవ్వ. నేను గూడ మొండికి పడ్డ, ఫోను గూడ చెయ్యలే. వీడియో ఎన్కటనే చూసిన. నా రందితోనే పిచ్చి లేసిందనుకున్న. ఏ మొహం పెట్టుకొని వస్త? రేపు మాపు అనుకుంట దినాలు గడిపిన. ఇగ పానం ఆగలే."

సింధుజకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అవ్వ లేదన్నా" అంది. "పోయిన నెలల..."

ఉప్పలయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. తలెత్తాడు.

"పిచ్చితోనే పోయిందా చెల్లె?"

సింధుజ పక్కనే నేల మీద కూర్చుంది. ఫోన్ తీసి, కత్తిరించని వీడియో పెట్టి అతని చేతిలో ఉంచింది.

హారన్ మోత మధ్య నుంచి, ఊరంతా పిచ్చిదన్న ఆ తల్లి గొంతు వినిపించింది: "మా ఉప్పలయ్యకు ఊరు మునిగింది ఎర్కలేదు బిడ్డా, వస్తే గీడనే దిగుతడు; మొహం చూపియ్యకన్నది కోపంల అన్న మాట కొడుకా, నువ్వు రా, నిన్ను ఇంటికి తోల్కపోనీకి నేను గీడనే ఉంట."