కుండీలో ఉప్పు

"నోరు తెరవండి," అంది రేవతి, చిటికెడు మట్టి మొగుడి పెదవుల దగ్గర పెట్టి.

"పెళ్లయి మూణ్ణెల్లు కాలేదు, అప్పుడే మట్టి తినిపిస్తున్నావా?" అంటూనే కొండబాబు నాలుకకి తగిలించుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. "ఉప్పగా ఉంది."

"మీ అమ్మగారి చలవే."

అమలాపురంలో వాళ్ల డాబా మీద రెండు గులాబీ కుండీలున్నాయి. పెళ్లయిన వారానికే కడియం నర్సరీకి వెళ్లి, స్కూటరు మీద మొక్కలు రెండూ ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది రేవతి. పేచీ మట్టి దగ్గర వచ్చింది. ఇసక, కడిగి ఆరబెట్టిన కొబ్బరిపొట్టు, మాగిన పేడ కలిపి పొయ్యమంది అత్తగారు భవానీదేవి. "చేలో మట్టి కుండీలో గట్టిపడిపోద్దమ్మా. నీళ్లు దిగవు."

రేవతి వినలేదు. ఐ.పోలవరంలో తమ చేలో ఏది పాతినా లేస్తుందని కాలేజీలో కూడా గొప్పలు చెప్పుకున్న పిల్ల. నాన్నగారికి ఉత్తరం రాసి గోనెసంచెడు మట్టి తెప్పించుకుంది. చివరికి ఒక కుండీ అత్తగారి పాళ్లతో, ఒకటి కోడలి మట్టితో నిండింది.

నెల తిరిగేసరికి అత్తగారి కుండీలో ఆరు మొగ్గలు. రేవతి మొక్క ఆకుల అంచులు మాడి, పుల్లయి నిలబడింది.

"నా మీద గెలవాలని ఉప్పు పోసేరు," అంది రేవతి, అత్తగారి ఎదురుగానే.

"నేను ఉప్పు వేసేది పప్పులోనే. అదీ నువ్వు మర్చిపోయినప్పుడు."

"మరి ఇదెలా వచ్చిందండీ?"

"మట్టి పంపినవాళ్లనడుగు."

అంతే, రేవతికి ఒళ్లు మండిపోయింది. తననంటే పడేది, నాన్నగారిని అంటారా? బట్టలు సర్దేసింది. అత్తగారు తప్పు ఒప్పుకునేదాకా ఈ ఇంట్లో ఉండనని, వచ్చి తీసుకెళ్లమని ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

మర్నాడు మొదటి బస్సుకే దిగేడు తండ్రి వీరవెంకటరమణ. మంచినీళ్లయినా తాగనివ్వకుండా డాబా మీదకి లాక్కెళ్లింది. వెనకే అత్తగారు, మొగుడు.

"మన చేను మట్టికి ఎంత అవమానం చేసేరో చూడండి నాన్నగారూ. కాస్త నోట్లో వేసుకోండి."

"ఆయ్, నేనూ చూసేనండి మావయ్యగారూ. ఉప్పే," అన్నాడు కొండబాబు.

వీరవెంకటరమణ కూతురి చేతిలో మట్టిని తిరిగి కుండీలోకి రాల్చేడు. వియ్యపురాలి వైపు చూడలేకపోయాడు.

"రుచి చూడక్కర్లేదమ్మా," అన్నాడు. "మన చేనుకి ఉప్పునీళ్లు ఎక్కించి రొయ్యల చెరువు చేసేను."