ఏటేటా పెరిగే మంట

ఆ సంచీలో ఏముంది?

వేదిక మీద కూర్చున్న దగ్గర్నుంచీ సూపర్‌వైజరుకి అదే అనుమానం. పక్క కుర్చీలో ప్యాకింగు సెక్షన్‌లో పనిచేసే ఆమె సంచీని ఒళ్ళో పెట్టుకుని, దాని మూతి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

బట్టల ఫ్యాక్టరీ తగలబడిన రోజుకి ఏటా సభ పెడతారు. ఏటా ఉపన్యాసం ఆయనదే. మంటల్లో చిక్కుకున్న ఈమెని భుజాన వేసుకుని మెట్లు దిగిన వీరుడు మరి! గేటు పక్కన నిలువెత్తు ఫోటో కూడా ఉంది.

ఆ రోజు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పొగలోంచి బయటపడగానే జనం ఆయనకి జేజేలు కొట్టారు. ఆమె ఏదో చెప్పబోతే, "భయంతో మతి పోయింది పాపం" అని మంచినీళ్ళు తాగించి పడుకోబెట్టారు.

ఫ్యాక్టరీలో మంట ఎప్పుడో ఆరిపోయింది. ఉపన్యాసంలో మాత్రం ఏటా మూరెడు పెరుగుతోంది. మొదటి మేనేజరు కాలంలో ఆయన సంస్థ మీద విశ్వాసంతో మంటల్లోకి దూకాడు. రెండో మేనేజరు వచ్చాక క్రమశిక్షణతో దూకాడు. ఈమధ్య ఆడవాళ్ళ రక్షణ అంటే చప్పట్లు బాగా పడుతున్నాయి కాబట్టి, ఆడకూతురి ప్రాణం కోసం దూకుతున్నాడు.

ఇన్నేళ్ళూ ఆమె కింద కూర్చుని వినేది. ఎడమ భుజం ఆనాడే పడిపోయింది, చప్పట్లు కూడా కొట్టలేకపోయేది. ఈసారి కొత్త మేనేజరు, "ఆవిడ చేత కూడా రెండు ముక్కలు చెప్పిద్దాం" అన్నాడు. సూపర్‌వైజరు గుండెల్లో రాయి పడింది.

ఎదురుగా మొదటి వరసలో ఆయన కూతురు ఫోను ఎత్తి వీడియో తీస్తోంది. నాన్నలా బతకాలని పట్టుబట్టి ఫైర్ సర్వీసులో ఉద్యోగం తెచ్చుకుంది. వచ్చే వారమే చేరుతోంది. ఫోటో పోతే పోయింది, ఆ పిల్ల ముందు తల దించుకోవడం మాత్రం ఆయన వల్ల కాదు.

ఆయన పక్కకి వంగాడు. "ఏం చెబుతావు చెల్లెమ్మా?"

"జరిగింది చెబుతానన్నా."

"జరిగిందంటే?"

"అదేమిటి, మర్చిపోయావా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆయనకి అస్సలు నచ్చలేదు.

పేరు పిలిచారు. ఆయన మైకు ముందు నిలబడ్డాడు. ఎందుకైనా మంచిదని ఈసారి మంట ఎత్తు కాస్త తగ్గించాడు. అయినా చప్పట్లు మోగాయి. వచ్చి కూర్చున్నాడు.

ఆమె లేచింది. సంచీ వదల్లేదు.

"నాకు మాట్లాడటం రాదు. అన్న మీకు నచ్చేట్టు చెప్పాడు. ఆ రోజు అసలు ఏం జరిగిందంటే..."

ఆగింది. ఆమె మొదటి వరసలోకి చూస్తోంది. ఫోను వెనకాల కూతురి కళ్ళు మెరిసిపోతున్నాయి.

"అన్న చెప్పినట్టే జరిగింది" అంది ఆమె.

సంచీలో చెయ్యి పెట్టింది. బయటికొచ్చింది ఒక పూలగుత్తి. కూతుర్ని పిలిచి చేతికిచ్చింది. "మంటల్లోకి వెళ్ళే ఉద్యోగమటగా తల్లీ. ధైర్యంగా వెళ్ళు. జాగ్రత్తగా తిరిగి రా."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కూతురు పరుగున వచ్చి నాన్నని వాటేసుకుంది.

ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. పిచ్చి అనుమానం అనుకున్నాడు. జనానికి చెయ్యి ఊపుతూ కిందికి బయల్దేరాడు. వేదిక మెట్ల మీద కాలు తడబడింది. వెనకే వస్తున్న ఆమె కుడిచేత్తో గబుక్కున ఆయన మోచెయ్యి పట్టుకుని, ఆయనకొక్కడికే వినపడేలా అంది:

"మెల్లగా దిగన్నా, ఆ రోజులా నిన్ను మోసుకుని దిగడానికి ఈ భుజం ఇక లేవదు."