ఊపిరి పట్టీలు ఆగిన రోజు

ఆ కాలం వచ్చేసరికి మనుషులకి ఎప్పుడు గాలి పీల్చాలో, ఎప్పుడు వదలాలో గుండె మీద అంటించుకున్న పట్టీయే చెప్పేది. బడిపిల్లల దగ్గర్నుంచి బస్సు డ్రైవర్ల దాకా అందరికీ అదే అలవాటు. అలాంటిది, విజయనగరంలో ఆడవాళ్ల జాతీయ బరువులెత్తే పోటీల నాడు హాల్లో పట్టీలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పోటీకొచ్చిన గౌరీశ్వరి ఆగిపోయిన పట్టీని తట్టి తట్టి చూసింది. "మాస్టారూ, ఊపిరాడ్డం లేదండి!"

"పట్టీ లేని రోజుల్లో మీ అమ్మమ్మ ఎవర్నడిగి పీల్చిందమ్మా?" అని నవ్వారు కోచ్ అప్పలస్వామి మాస్టారు. "కళ్లు మూసుకో. ముక్కు కొన దగ్గర గాలి చల్లగా లోపలికెళ్తాది, వెచ్చగా బయటికొస్తాది. దాన్నే గమనిస్తూ కూచో, చాలు."

కూచుంది. కాసేపటికి గుండె దడ తగ్గింది. లేచి వెళ్లి నూట ఇరవై కిలోలు తలపైకెత్తి నిలబెట్టింది. అప్పటికి అదే అందరికన్నా ఎక్కువ.

దిగి వచ్చేసరికి, ఆఖరున ఎత్తాల్సిన మణిపూర్ అమ్మాయి ఓ మూల కూచుని రొప్పుతోంది. గౌరీశ్వరి ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత పక్కనే చతికిలబడి, వచ్చీరాని హిందీలో "కళ్లు మూసుకో" అంది.

ఆ అమ్మాయి నూట ఇరవై ఒకటి ఎత్తేసింది!

"బంగారు పతకం చేజేతులా ఇచ్చేశావు కదమ్మా!" అని మాస్టారు తల పట్టుకున్నారు.

గౌరీశ్వరి చప్పట్లు ఆపకుండానే పకపకా నవ్వింది. "మీ పాఠం అంత బాగా పనిచేస్తాదని నాకేటి తెలుసు మాస్టారూ!"