పదికెన్ని?

ఆ రోజు ఇంట్లో ఉన్నారని చిట్టికి తెలిసినవాళ్లు వీళ్లు: వాకిట్లో చాప మీద కాఫీ పళ్లు ఏరుతున్న నాయనమ్మ సోములమ్మ, పొయ్యి దగ్గర అమ్మ, అరుగు పక్క గదిలో డప్పు వాయించే అన్న మంగ్లు, గిటారు అజయ్, కీబోర్డు తేజ. గది గుమ్మం ముందు మూడు జతల చెప్పులతో పాటు ఒక జత కొత్త బూట్లు కూడా ఉన్నాయి. బడి నుంచి వచ్చిన చిట్టి పుస్తకాల సంచి దించకుండానే ఆ బూట్లు చూస్తూ నిలబడిపోయింది.

"ఇవెవరివన్నా?"

మంగ్లు తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. "పాడ్డానికొచ్చినోడివి. బేగి కూకో. నీ కోసమే సూత్తన్నాం."

పదిహేను రోజుల కిందట అజయ్ ఫోన్‌లో స్టేటస్ పెట్టాడు: 'ఏడో మలుపు బ్యాండుకి సింగర్ కావలెను.'

ఘాట్ రోడ్డులో ఏడో మలుపు దగ్గర జీపు చెడిపోతే, బాగయ్యేదాకా పాడుకుంటూ కూర్చున్న నలుగురు కుర్రాళ్లు తమకు పెట్టుకున్న పేరు అది. ఆ నలుగురిలో పాడేవాడు ఫల్గుణ. మెడ దగ్గర గడ్డ తీయించుకోవడానికి ఆగస్టులో విశాఖ వెళ్లాడు. ఆపరేషనయింది, వాళ్ల అక్క ఇంట్లో ఉన్నాడు, నెలాఖరుకి వచ్చేస్తాడని మంగ్లు చెబుతూనే ఉన్నాడు. నెలాఖరులు నాలుగు వెళ్లిపోయాయి. ఉన్నవాడు ఉండగా వీళ్లకి ఇంకో సింగరెందుకు?

ఆ బ్యాండు పాడిన ప్రతి పాటకూ చిట్టి డైరీలో మార్కులున్నాయి. అన్నిటికీ పదికి పదే. డొంకరాయిలో మైకు పోయి సగం పాట ఎవరికీ వినపడలేదు. దానికీ పదే. "మా డప్పు సిరిగిపోయినా నీకు బాగుంటాది గుంటా" అని అజయ్ ఏడిపించేవాడు. వేరేవాళ్ల పాటయితే మాత్రం ఆమె చెవికి తిరుగులేదు. సీలేరు కాలనీ ఫంక్షన్‌లో ఎవరు పాడినా, ఏ చరణంలో శ్రుతి జారిందో ఇట్టే పట్టేసేది. పట్టేసి, మంగ్లు చెవిలో మాత్రమే చెప్పేది. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చేది.

అందుకే బ్యాండులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్తవాళ్లెవరు వచ్చినా చిట్టి గదికి వీపు పెట్టి అరుగు మీద కూర్చుని వినాలి. ముఖం చూడకూడదు, పేరు అడగకూడదు. చూస్తే మొహమాటపడిపోతుంది.

అమ్మ మిరియాలు వేసి కాచిన నీళ్లు గ్లాసులో పోసి గదిలోకి తీసుకెళ్లింది. చాలాసేపటికి బయటికొచ్చింది. చిట్టి వైపు చూడలేదు.

"అమ్మా, ఫల్గుణన్నకి తెలుసా?"

"ఏటి?"

"ఈళ్లు కొత్తోణ్ని ఎట్టుకుంతన్నారని."

"నాకేటి తెలుసే. నువ్వు ఇని సెప్పు, అంతే."

వినకుండా వెళ్లిపోదామనుకుంది చిట్టి. కానీ తను లేకపోతే వీళ్లే 'బాగుంది' అనేసుకుంటారు. ఆదివారం అరకులో స్టేజీ ఉంది. కొత్తవాడు ఆ మైకు పట్టుకున్నాడంటే ఇక ఫల్గుణకి చోటుండదు. సంచి ఒళ్లో పెట్టుకుని గదికి వీపు తిప్పి కూర్చుంది.

డప్పు మొదలయింది. ఫల్గుణ కట్టిన పాటే. వాళ్లమ్మ సామలు దంచుతూ తీసే రాగం మీద కట్టింది. గొంతు వచ్చింది. రాయి మీద పార గీసినట్టు బొంగురుగా ఉంది. పై స్వరం అందుకోబోయి మధ్యలో తెగింది. మళ్లీ అందుకోబోయింది. మళ్లీ తెగింది. చరణం చివర ఊపిరి మాత్రం సరిగ్గా ఫల్గుణ తీసే చోటే తీశాడు.

చిట్టికి ఒళ్లు మండింది. ఫోన్‌లో విని ఊపిరి కూడా ఎత్తుకొచ్చాడు, దొంగ!

మూడో చరణంలో ఆ గొంతు బాగా కిందికి దిగి, దాదాపు మాట్లాడినట్టు పాడింది. అప్పుడు మాత్రం చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా తుడిచేసుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదలచుకోలేదు.

పాట ఆగింది. మంగ్లు వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"సెప్పు సిట్టీ. నువ్వు బాగుందంటే ఆదివారం పాడతాడు. నేదంటే నేదు."

"నా మాట మీదేనా?"

"ఆడే అన్నాడు. గుంట ఏటంతే అదేనని."

చిట్టి గొంతెత్తింది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"బాగునేదు."

"మెల్లగా..."

"ఆడికి ఇనపడాల. గొంతే కాదది! పైకి ఎక్కనేనోడు ఆ పాట జోలికి రాకూడదు. ఫల్గుణన్న పాటని పాడుసేసీసినాడు. ఇంకెప్పుడూ ఎక్కడా పాడొద్దని సెప్పు."

నాయనమ్మ చెయ్యి కాఫీ పళ్ల మీద ఆగిపోయింది. "అంతమాట అనకే నా తల్లీ."

"పదికెన్ని?" అన్నాడు మంగ్లు. అతను తలుపు వైపే చూస్తున్నాడు.

"సున్నా."

మంగ్లు లేవలేదు. లోపల్నుంచి అడుగుల చప్పుడు ఒకటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

ఫల్గుణ చోటు కాపాడేశానన్న ధీమాతో, కొత్తవాడి ముఖం ఒక్కసారి చూద్దామని చిట్టి వెనక్కి తిరిగింది. తలుపు రెక్క మెల్లగా, చప్పుడు కాకుండా మూసుకుంటోంది.

మూస్తున్నవాడు ఫల్గుణ.